పెదనాన్న రికార్డు వేగం

మా మేనత్త బస్సు నడుపుతుంది. ఇరవై రెండేళ్ళుగా నడుపుతోంది, ఇంతవరకు ఆమె బస్సుకు చిన్న గీత కూడా పడలేదు. మా పెదనాన్నకేమో ఎవరి స్కూటర్ వెనకైనా కూర్చోవాలంటేనే గుండె దడ. అయినా మా ఇంట్లో గొప్ప డ్రైవర్ ఎవరంటే పెదనాన్నే. దానికి కారణం, ముప్పై ఏళ్ళ కిందట తాతయ్య కొనితెచ్చిన పాత కంప్యూటర్‌లోని కారు ఆట.

ఆ ఆటలో పెద్ద విశేషమేమీ లేదు. మనకు మూడు కార్లు ఇస్తారు. రోడ్డుకు అంతు ఉండదు. ఎదురొచ్చే లారీలను, గుంతలను తప్పించుకుంటూ పోవాలి. ఎంత దూరం పోతే అన్ని పాయింట్లు. మూడు కార్లూ గుద్దేస్తే ఆట ముగిసినట్టే. పెదనాన్న రికార్డు తొమ్మిది వేల నూట నలభై. అత్త ఎంత ఆడినా ఏడు వేలు దాటలేకపోయింది. తర్వాత ఇద్దరికీ పనులు, సంసారాలు వచ్చాయి. కంప్యూటర్ అటకెక్కింది, రికార్డు మాత్రం కిందే ఉండిపోయింది. ఎవరైనా చుట్టాలు వస్తే పెదనాన్న మంచినీళ్ళ కంటే ముందు దాన్నే అందిస్తారు.

మా ఊరి స్కూల్లో పదో తరగతి పూర్తయ్యాక, పై చదువు కోసం నన్ను పెదనాన్న ఇంట్లో ఉంచారు. ఇంటి ముందు గదిలోనే ఆయన కంప్యూటర్లు బాగుచేసే షాపు. కాలేజీ నుంచి వచ్చాక నేను అక్కడ కూర్చుని స్క్రూలు సైజు వారీగా డబ్బాల్లో వేస్తాను, ఫ్యాన్లలో దుమ్ము దులుపుతాను, ఆయన చెప్పిన ప్రోగ్రాములు ఎక్కిస్తాను. నోరు తెరవకుండా చేసుకునే పని కాబట్టి నాకు బాగా నచ్చింది. మా పెద్దమ్మ మాత్రం, "దీన్ని ఒక మాట మాట్లాడించేలోపు రెండు ప్రింటర్లు బాగుచేయొచ్చు" అంటుంది.

మొన్న బుధవారం సాయంత్రం అత్త డ్యూటీ దిగి, యూనిఫాంతోనే మా ఇంటికి వచ్చింది. టీ తాగుతూ సంచిలోంచి ఒక కాగితం తీసి, చూసి, మళ్ళీ లోపల పెట్టింది. రెండు నిమిషాలకు మళ్ళీ తీసింది.

"ఏంటమ్మా అది, అంత ముద్దుగా చూసుకుంటున్నావు?" అన్నారు పెదనాన్న.

"డిపోలో కొత్త డ్రైవర్లకు నేర్పడానికి మనుషులు కావాలట అన్నయ్యా. సోమవారం సాయంత్రంలోగా దరఖాస్తు ఇవ్వాలి."

"ఇచ్చెయ్యి మరి" అంది పెద్దమ్మ.

"చూద్దాంలే వదినా."

"పోయినసారీ చూశావు, అంతకు ముందుసారీ చూశావు. నువ్వు చూస్తుండగానే గడువు దాటిపోయింది. బస్సు నడిపేదానివే, ఈ ఒక్క బస్సూ ఎప్పుడూ తప్పిపోతుందేం నీకు?"

పెదనాన్న పకపకా నవ్వారు. "అది కాదే, నన్నే గెలవలేకపోయింది కదా, ఇక పదిమందికి ఏం నేర్పుతుంది? ముందు నా దగ్గర ట్యూషన్‌కి రమ్మను."

అందరం నవ్వాం. అత్త కూడా నవ్వింది. కానీ నేను ఆమె పక్కనే కూర్చున్నాను. నవ్వుతూనే ఆ కాగితాన్ని రెండు మడతలు పెట్టింది, తర్వాత నాలుగు, తర్వాత ఎనిమిది. ఇక మడత పడక ఆపింది.

"సరే అన్నయ్యా. ఆదివారం నీ రికార్డు కొట్టేస్తాను. కొడితే సోమవారం ఈ కాగితం ఇస్తాను. కొట్టలేకపోతే ఇవ్వను, మళ్ళీ ఆ మాటే ఎత్తను."

"కంప్యూటర్ దించండిరా!" అని పెదనాన్న తొడ చరిచారు. ఆయనకు ఇదంతా సరదా. ఆ రోజు డైరీలో నేను ఒకటే వాక్యం రాసుకున్నాను: అత్త నవ్వింది కానీ సరదాకి అనలేదు.

గురువారం అటక మీంచి పాత కంప్యూటర్ దించాం. పెద్దమ్మ దాని సీపీయూ డబ్బాను గుడ్డతో మూడుసార్లు తుడిచింది. పెదనాన్న స్విచ్ వేశారు. డబ్బా వెనక నుంచి 'టప్' అని చప్పుడు, తర్వాత కాలిన వాసన, ఆ తర్వాత సన్నగా పొగ.

"ఇంతసేపూ బాగానే ఉంది" అన్నారు పెదనాన్న.

"స్విచ్ వేయనంతసేపూ" అంది పెద్దమ్మ.

అదృష్టం బాగుండి హార్డ్ డిస్క్ బతికే ఉంది. పెదనాన్న దాన్ని ఊడదీసి, తన దగ్గరున్న రకరకాల కేబుళ్ళలో దానికి సరిపోయేది వెతికి పట్టుకుని, ఆటను షాపులోని కొత్త కంప్యూటర్‌కు ఎక్కించారు. రికార్డుల పట్టిక కూడా దాంతోపాటే వచ్చింది. పైన తొమ్మిది వేల నూట నలభై. ఆయన దాన్ని చూసి మీసం దువ్వుకున్నారు.

కానీ కొత్త కంప్యూటర్ ఆ ఆటను అసలు గుర్తుపట్టలేదు. దాని కోసం పాత కంప్యూటర్ వేషం కట్టే ప్రోగ్రాం ఒకటి ఉంటుంది. పెదనాన్నకు అప్పటికే ముగ్గురు కస్టమర్లు ఫోన్ చేస్తుండటంతో, "నువ్వు చూడమ్మా" అని దాన్ని నాకు అప్పగించారు. శుక్రవారం సాయంత్రానికి ఆట తెర మీదికి వచ్చింది. అత్త కుర్చీలో సర్దుకుని కూర్చుని, రెండు చేతులూ కీబోర్డు మీద పెట్టి మీట నొక్కింది.

మూడు కార్లూ రెప్పపాటులో తుక్కు తుక్కయ్యాయి. కారు కదలడం కూడా ఎవరికీ కనబడలేదు.

"బాగుంది. ఇలా నడిపితే జనం ఎక్కకముందే దిగే చోటు వచ్చేస్తుంది" అంది అత్త.

ఆ రోజుల్లో ఆటలు రాసినవాళ్ళు, కంప్యూటర్ ఎంత వేగంగా లెక్క చేస్తే కారు అంత వేగంగా పోయేలా రాశారు. అప్పటి కంప్యూటర్ నడిచేది. ఇప్పటిది గాల్లో పోతుంది. అందుకని వేషం కట్టే ప్రోగ్రాంలో ఒక సంఖ్య ఉంటుంది. అది పెంచితే వేగం పెరుగుతుంది, తగ్గిస్తే తగ్గుతుంది. నేను తగ్గిస్తూ వచ్చాను. పన్నెండు వేల దగ్గర పెదనాన్న చెయ్యెత్తారు.

"ఆపు! ఇదే. అచ్చం ఇదే వేగం."

"ఇదా?" అంది అత్త. "అన్నయ్యా, ఇది కారా, పెళ్ళి ఊరేగింపా? మన ఆట దీనికి రెండింతలు ఉండేది."

"నీకేం గుర్తు? నువ్వప్పుడు పదమూడేళ్ళ పిల్లవి."

"నువ్వేమో పెద్ద ముసలాడివి! పద్దెనిమిదేళ్ళేగా!"

ఇద్దరూ పట్టు వదల్లేదు. చివరికి అత్త నా వైపు తిరిగింది. "ఇదిగో, నువ్వు చెప్పమ్మా. నువ్వు ఎవరి పక్షమూ కాదు. ఆదివారంలోగా అసలు వేగం ఎంతో తేల్చు. నువ్వు ఎంత పెడితే అంతే, మేం నోరెత్తం."

నేను తల ఊపాను.

ఎక్కువ మాట్లాడకుండా దీన్ని ఎలా తేల్చాలా అని ఆలోచిస్తే, కళ్ళ డాక్టరు గుర్తొచ్చాడు. ఆయన అద్దాలు మారుస్తూ, ఇది బాగుందా, ఇది బాగుందా అని అడుగుతాడు తప్ప నంబరు చెప్పడు. నేనూ అలాగే చేశాను. తెర మీద సంఖ్య కనబడకుండా కాగితం అంటించి, ఒక్కొక్కరినీ విడివిడిగా కూర్చోబెట్టి వేగం అటూ ఇటూ మార్చాను. సరే అన్నచోట సంఖ్య డైరీలో రాసుకున్నాను. శనివారం ఉదయం మళ్ళీ చేశాను. పెదనాన్న రెండుసార్లూ పన్నెండు వేల దగ్గరే ఆపారు. అత్త రెండుసార్లూ ఇరవై నాలుగు వేల దగ్గరే ఆపింది. మరచిపోయినవాళ్ళయితే రెండోసారి తేడా రావాలి కదా. ఇద్దరిలో ఎవరూ మరచిపోలేదు.

డైరీలో ఆ రెండు సంఖ్యలనే చూస్తూ కూర్చున్నాను. పక్కనే అత్త పెదనాన్నతో వాదిస్తోంది.

"ఆ డబ్బా ముందు ఎర్రగా నంబరు వెలిగేది, గుర్తుందా? అరవై ఆరు. ఎప్పుడు చూసినా అరవై ఆరే."

"ముప్పై మూడు కదూ?" అన్నారు పెదనాన్న, ఒక ప్రింటర్ మూత తీస్తూ. వెంటనే ఆగి, "ఏమో, ఎప్పటి సంగతో" అంటూ లేచి వెళ్ళారు. ఆయన మంచినీళ్ళు తాగిన చప్పుడు వినబడింది. రెండు గ్లాసులు.

ముప్పై మూడు, అరవై ఆరు. పన్నెండు వేలు, ఇరవై నాలుగు వేలు. ఇక్కడా రెండింతలే, అక్కడా రెండింతలే.

అత్త వెళ్ళాక పాత డబ్బా దగ్గరికి పోయి కూర్చున్నాను. ముందు భాగంలో, నంబరు వెలిగే చిన్న అద్దం కింద ఒక మీట ఉంది. ఆన్ చేసే మీట వేరే ఉంది, ఇది అది కాదు. దీని మీద 'టర్బో' అన్న అక్షరాలు అరిగిపోయాయి. పెదనాన్న బీరువా అడుగున పాత పుస్తకాల్లో ఆ డబ్బాతో వచ్చిన పుస్తకం దొరికింది. అందులో ఉంది: ఈ మీట ఒకసారి నొక్కితే కంప్యూటర్ సగం వేగంలో నడుస్తుంది, మళ్ళీ నొక్కితే పూర్తి వేగంలో; ముందు వెలిగే నంబరు ఆ వేగాన్ని చూపిస్తుంది. అంత అరిగిందంటే ఎవరో రోజూ నొక్కారు.

సాయంత్రం షాపు మూసేటప్పుడు పుస్తకం ఆ పేజీ దగ్గర తెరిచి పెదనాన్న ముందు పెట్టాను. నోటితో చెప్పడం నా వల్ల కాలేదు. ఆయన చదివారు. చాలాసేపు చదివారు, అది నాలుగే వాక్యాలైనా.

"నువ్వు మాట్లాడవు కానీ అన్నీ చూస్తావే" అన్నారు చివరికి. తర్వాత గొంతు తగ్గించి చెప్పారు. "మొదటి వారం అది నన్ను రోజూ ఓడించేది. రెండు పిలకలు వేసుకున్న పిల్ల! వీధిలో అందరికీ చెప్పేది. ఒకరోజు అది స్కూలుకు పోయాక ఈ మీట కనిపెట్టాను. ఆడాక మళ్ళీ నొక్కి యథాస్థానంలో పెట్టేవాణ్ణి. ఎవరన్నా చూస్తుంటే చెయ్యి ఆడదని చెప్పి, దాని ముందు ఎప్పుడూ ఆడలేదు. ఒక నెల అయ్యాక చెబుదామనుకున్నా. ఏడాది అయ్యాక చెబుదామనుకున్నా. తర్వాత, ఇంకేం చెబుతాం?"

"అత్త కాగితం..." అన్నాను. అంతవరకే వచ్చింది.

"అదా? అదేదో మాటవరసకు అంది. ఒక ఆట కోసం ఎవరైనా ఉద్యోగం మానుకుంటారా?"

నేను కాగితం మడతపెట్టినట్టు చేతులతో చూపించాను. రెండు, నాలుగు, ఎనిమిది. ఆయన ముఖంలో నవ్వు పోయింది. "రేపు చూద్దాంలే" అన్నారు. అచ్చం అత్తలాగే అన్నారు.

ఆదివారం పది గంటలకు అత్త తలంటుకుని, యుద్ధానికి వచ్చినట్టు వచ్చింది. పెద్దమ్మ వంట గట్టు మీద పని వదిలేసి మోడా వేసుకుని కూర్చుంది. ఒక్కటే ఆట, మూడు కార్లు అని ఒప్పందం.

"చెప్పమ్మా అంపైరూ, వేగం ఎంత?" అంది అత్త.

పెదనాన్న వైపు చూశాను. ఆయన గోడ గడియారం వైపు చూస్తున్నారు. నేను ఇరవై నాలుగు వేలు పెట్టాను.

అత్త ఆడుతుంటే చూడాలి. వేళ్ళు తప్ప ఏదీ కదల్లేదు. లారీ కనబడకముందే కారు పక్కకు జరిగేది. మొదటి కారు మూడు వేల దగ్గర పోయింది, రెండోది అయిదున్నర వేల దగ్గర. మూడో కారు ఏడు వేలు దాటగానే పెద్దమ్మ మోడా మీంచి లేచి నిలబడింది. ఏడు వేల మూడు వందల పది దగ్గర రెండు లారీలు పక్కపక్కనే వచ్చాయి. దారి లేదు.

"అబ్బ! నీ జన్మలో ఇంత ఎప్పుడూ కొట్టలేదు కదే!" అంది పెద్దమ్మ.

"అవును వదినా." అత్త చేతులు దులుపుకుంది. "అయినా సరిపోలేదు. మాటంటే మాటే." నవ్వుతూనే సంచి అందుకుని, ఆ ఎనిమిది మడతల కాగితాన్ని అడుగున ఉన్న జిప్పులోకి తోసేసింది. జిప్పు సగంలో ఇరుక్కుంటే బలంగా లాగింది.

పెదనాన్న గొంతు సవరించుకున్నారు. ఏదో అనబోయారు. మళ్ళీ సవరించుకున్నారు.

నేను లేచి, ఆటను మొదటికి తెచ్చి, కుర్చీని పెదనాన్న వైపు తిప్పాను. "పెదనాన్నా, ఇప్పుడు మీరు" అన్నాను. ఆ ఇంట్లో నేను అంత గట్టిగా మాట్లాడటం అదే మొదటిసారి. పెద్దమ్మ ఆట సంగతి మరచిపోయి నన్నే చూసింది.

"నేనెందుకమ్మా, నాది రికార్డుంది కదా. పైగా ఎవరన్నా చూస్తుంటే నాకు..."

"చెయ్యి ఆడదు" అన్నారు అత్తా, పెద్దమ్మా ఒకేసారి.

"వేగం మార్చలేదు" అన్నాను.

ఆయన నన్ను చూశారు. తర్వాత అత్త సంచిని చూశారు. ఊపిరి పీల్చుకుని, ఈత రానివాడు చెరువులో దిగినట్టు కుర్చీలో కూర్చున్నారు.

మొదటి కారు మొదటి లారీకే పోయింది. రెండోది దాని వెనక లారీకి. మూడో కారును రోడ్డు పక్కకు తీసుకెళ్ళి ఆపుదామని చూశారు, ఆ ఆటలో కారు ఆగదు. మొత్తం నాలుగు వందల పది.

పెద్దమ్మ ముందు నవ్వింది. అత్త నవ్వలేదు. తెర మీది నాలుగు వందల పదినీ, అన్నయ్య ముఖాన్నీ మార్చి మార్చి చూసింది.

"అన్నయ్యా?"

"సగం వేగంలో కొట్టానమ్మా" అన్నారు పెదనాన్న. "ఆ డబ్బాకు ఒక మీట ఉండేది. నువ్వు బడికి పోయాక నొక్కేవాణ్ణి. నీ ఏడు వేలు నిజం. నా తొమ్మిది వేలు... అదీ నిజమే, కానీ నత్త మీద ఎక్కి కొట్టాను."

అత్తకు కోపం వస్తుందనుకున్నాను. ఆమె నా వైపు తిరిగి, "ఆ నత్త వేగం పెట్టు" అంది.

పన్నెండు వేలు పెట్టాను. అత్త కూర్చుంది. వెయ్యి. నాలుగు వేలు. ఒక చేత్తో ఆడుతూ రెండో చేత్తో టీ తాగింది. తొమ్మిది వేల నూట నలభై ఎప్పుడు దాటిందో ఆమె చూడనే లేదు. పన్నెండు వేలు. పద్నాలుగు వేలు. మొదటి కారే ఇంకా నడుస్తోంది. ఆవలించింది.

"వదినా, ఇది ఎప్పటికైనా అయిపోతుందా?"

"నీ ఇష్టం. మధ్యాహ్నం భోజనానికి మాత్రం దిగు."

అత్త కీబోర్డు మీంచి చేతులు తీసేసింది. మూడు కార్లూ వాటంతట అవే పోయి గుద్దుకున్నాయి. రికార్డుల పట్టిక పేరు అడిగితే, రాయకుండా మూసేసింది. అప్పుడు నవ్వింది. నవ్వుతూ నవ్వుతూ కుర్చీలో వెనక్కి వాలిపోయి, కళ్ళు తుడుచుకుని మళ్ళీ నవ్వింది.

"ముప్పై ఏళ్ళు! ముప్పై ఏళ్ళు నన్ను ఏడిపించుకు తిన్నావు కదరా!" అన్నయ్యను 'రా' అనడం నేను మొదటిసారి విన్నాను. "నిన్ను అందుకోవాలని నేను రెండింతల వేగంలో పడి దొర్లాను. రోడ్డు మీద ఏ లారీ వచ్చినా నాకు నిదానంగా వస్తున్నట్టే కనబడుతుంది. అది నీ పుణ్యమే అన్నమాట!"

"అయితే ఫీజు ఇవ్వు" అన్నారు పెదనాన్న. మనిషికి అప్పుడే ప్రాణం లేచొచ్చింది.

"ముందు నువ్వు లే. కాదు, కూర్చో. అరవై ఆరు మీద పెట్టమ్మా. ఇప్పుడు నడుపు, నేను చూస్తాను."

"నా వల్ల కాదే."

"అవుతుంది. నువ్వు నీ ముందున్న లారీని చూస్తున్నావు, అందుకే గుద్దుతున్నావు. దాని వెనక ఏముందో చూడు. దగ్గరికి వచ్చింది ఎలాగూ తప్పించలేవు, వచ్చేదాన్ని తప్పించు. ఊఁ, భుజాలు దించు. కీబోర్డును అలా కొరికేసేలా పట్టుకోకు."

ఆరు వందల ఇరవై. ఎనిమిది వందలు. అత్త తిట్టలేదు, అరవలేదు. గుద్దినప్పుడల్లా, "సరే, ఇప్పుడు ఎందుకు గుద్దావో నువ్వే చెప్పు" అనేది. ఆయన చెప్పేవారు. తప్పు చెబితే మళ్ళీ ఆడించేది. పదకొండు వందలు దాటినప్పుడు పెదనాన్న చిన్నపిల్లాడిలా చప్పట్లు కొట్టారు, అందుకే ఆ కారు పోయింది.

పెద్దమ్మ నా చెవి దగ్గరికి వంగి, "పదిమందికి ఏం నేర్పుతుందట?" అంది.

నేను అత్త సంచి తెచ్చాను. ఇరుక్కున్న జిప్పును షాపులోని నూనె చుక్క వేసి లాగితే వచ్చింది. కాగితం మడతలు ఒక్కొక్కటీ విప్పి, అరచేత్తో రుద్ది చదును చేసి, పెన్ను తీసుకున్నాను. "అత్తా, చెప్పు, నేను రాస్తాను" అన్నాను.

అత్త ఒక్క క్షణం నన్నూ కాగితాన్నీ చూసింది. తర్వాత తెర మీంచి కన్ను తీయకుండానే చెప్పడం మొదలుపెట్టింది. పుట్టిన తేదీ, లైసెన్సు నంబరు, ఉద్యోగంలో చేరిన రోజు. మధ్యమధ్యలో, "ఎడమకు, ఎడమకు అన్నయ్యా" అంటోంది. ఒకసారి నేను ఆ ఎడమను కూడా చిరునామాలో రాసి కొట్టేశాను.

"ప్రమాదాలు ఎన్ని అని ఉంది" అన్నాను.

"సున్నా రాయి."

"నావి కలిపితే నలభై" అన్నారు పెదనాన్న.

చివరికి సంతకం ఒక్కటే మిగిలింది. కాగితాన్ని ఆమె ముందు పెట్టి పెన్ను అందించాను. అత్త సంతకం చేస్తూ చేస్తూ తెర వైపు చూసి, "లారీ వెనక చూడు, వెనక!" అని గట్టిగా అరిచింది. ఆ ఊపుకు సంతకం చివరి గీత గడి దాటి, కాగితం అంచు దాకా పోయింది.